టీతో వేసుకున్న మాత్ర

ఒక్క మాట నా లోపల ఏళ్ల తరబడి ఉండిపోయింది. "లేదండీ." అంతే. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నప్పుడే రాసేద్దామనుకున్నాను. చేయి రాలేదు.

నేనూ మా చెల్లెలూ అంబాజీపేటలో కొబ్బరికాయల గంపలు మోసేవాళ్లం. నడుం పట్టేస్తే టీతో ఒక నొప్పి మాత్ర వేసుకోవడం అక్కడ మామూలు. టీతో పోయేది కాబట్టి దాన్నెవరూ మందనుకునేవారు కాదు. డాక్టరు చీటీ అడగని మందుల షాపులో బలమైనవి తెచ్చి చెల్లెలికి అలవాటు చేసింది నేనే. పోనుపోనూ అది లేకపోతే ఆమెకు పొద్దు గడిచేది కాదు.

కొన్నేళ్లకు చెల్లెలికి గర్భసంచి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రోజూ మందులేమైనా వాడుతోందా అని మత్తు డాక్టరు అడిగారు. ఆమె నా వైపు చూసింది. ఆ మాత్రలు ఎక్కడివని అడుగుతారేమోనని, లేదండీ అన్నాను.

ఆపరేషన్ అయ్యాక దుప్పటి తగిలినా కేకపెట్టేది. నొప్పికిచ్చే మత్తు ఇంజెక్షన్లు పెంచేకొద్దీ నొప్పీ పెరిగింది. కోతకు ఎంతో దూరంగా ఉన్న చేతిని ముట్టుకున్నా ఓర్వలేకపోయేది. "ఊరుకోవే, లోకంలో నిన్నొక్కదాన్నే కోసేరా?" అన్నాను. పక్క మంచాలవాళ్లు నవ్వారు. ఇంట్లో ఆమెకు సుకుమారి అనే పేరు స్థిరపడిపోయింది.

నిరుడు నా కాలు విరిగింది. ఇంకో ఆసుపత్రిలో మత్తు డాక్టరమ్మ అదే ప్రశ్న అడిగితే, ఈసారి నేనూ వేసుకునే ఆ మాత్రల సంగతి చెప్పేశాను. నొప్పి తగ్గించే మందే నొప్పిని పెంచుతుందని ఆవిడ అంటే నాకు వింతగా తోచింది.

"అదెలాగండీ?"

"ఆ మాత్రల్లోదీ మా ఇంజెక్షన్లదీ ఒకే రకం మందమ్మా. రోజూ వాడితే కొందరిలో దానికి నరాలు ఎదురుతిరుగుతాయి. ముందే చెప్పేరు కాబట్టి ఆ రకం తక్కువ వాడి, కాలి నరం దగ్గర తిమ్మిరి సూది వేస్తాం. వేరే మందు కొద్దిగా కలుపుతాం."

"చెప్పకపోతేనండీ?"

"నొప్పంటే అదే మందు ఇంకా ఎక్కిస్తాం."

"దుప్పటి తగిలినా నొప్పి పుడుతుందాండీ?"

"పుట్టొచ్చు. మీవాళ్లెవరికైనా అలా అయ్యిందా?"

లేదండీ అన్నాను. మళ్లీ.

ఎందుకన్నాను? అప్పుడంటే భయం, మరి ఇప్పుడు? చెల్లెలి బాధకు నా అబద్ధమే కారణమో, ఎలాగూ వచ్చేదో ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ ఆమె అరచేతుల్లో చెమట నేను చూశాను. నటించేవాళ్లకు అలా పట్టదని తెలిసి కూడా నలుగురితో కలిసి ఎందుకు నవ్వాను?

ఇప్పుడామెకు పిత్తాశయంలో రాళ్లు. ఆలస్యం చేయొద్దని డాక్టర్లు అంటున్నా, నొప్పి ఓర్చుకోలేని మనిషినని ఆపరేషన్‌కు ఒప్పుకోవడం లేదు. అది మేం నేర్పిన మాట. అందుకే మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్లి మొత్తం చెప్పాను.

ఆమె నా ముఖంలోకి చూసింది.

"అయితే అప్పుడు నేను నటించట్లేదని నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"ఆపరేషన్‌కి వెళ్తానులే. నువ్వు మాత్రం రాకు. డాక్టరుగారికి నా సంగతి నేనే చెప్పుకుంటాను."

సరేనన్నాను. చెల్లెలు గుమ్మం దాకా కూడా రాలేదు. దారంతా ఏడుస్తూనే వచ్చాను. అయినా ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.