సీటు పక్కన బ్యాండ్ ఎయిడ్

మావారు పోయాక నాకు ఏడుపు రాలేదు. వండాను, తిన్నాను, పడుకున్నాను. అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో మా తెలుగు చర్చి వాళ్లు అల్యూమినియం ట్రేలలో బిర్యానీ తెచ్చి, "ఎంత ధైర్యంగా ఉన్నావమ్మా, దేవుడికి స్తోత్రం" అని మెచ్చుకునేవాళ్లు. అది ధైర్యం కాదని చెప్పే ఓపిక కూడా నాకు లేదు. మనసుకి తిమ్మిరెక్కినట్టుండేది.

ఆయన్ని చివరి రోజుల్లో చూసిన ఆసుపత్రి నుంచి ఒక సోషల్ వర్కర్ వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. రాగానే "ఆంటీ" అంది. నాకు నలభై రెండేళ్లే, ఒళ్లు మండింది. ఎలా ఉన్నారని గుచ్చి గుచ్చి అడుగుతుందనుకుంటే, మా పాపని స్కూల్‌కి ఎవరు దింపుతున్నారని అడిగింది.

"చర్చిలో ఒక అక్క. వచ్చే వారం నుంచి ఆవిడకి కుదరదంట."

"మీకు లైసెన్స్ ఉంది కదా ఆంటీ?"

"ఉంది. కారు తియ్యలేను."

ఎందుకని అడగలేదు. "కార్ చూపిస్తారా? మేము మైండ్ ఒకటే చూడం ఆంటీ. ఇల్లు, రోడ్, మనుషులు, అన్నీ చూస్తాం" అంది. ఈ పిల్ల నాకు పాఠాలు చెప్పడానికొచ్చిందా అని విసుక్కుంటూనే గరాజ్‌లోకి తీసుకెళ్లాను.

డ్రైవర్ సీట్లో కూర్చుంటే కాలికి బ్రేకు అందలేదు. ఆయన ఆరడుగుల మనిషి. సీటు ఆయన జరుపుకున్నచోటే ఉంది.

"ముందుకి జరిపితే ఇది మళ్లీ ఇక్కడికి రాదు" అన్నాను.

ఆయన బట్టలన్నీ ఇచ్చేశాను, మంచం కూడా మార్చేశాను. అప్పుడేమీ అనిపించలేదు. ఇది మాత్రం నా వల్ల కాలేదు.

ఆ అమ్మాయి నన్ను ఓదార్చలేదు. బ్యాగులోంచి బ్యాండ్ ఎయిడ్ తీసి, కిందికి వంగి, సీటు జరిగే ఇనుప పట్టీ మీద సరిగ్గా సీటు అంచు ఉన్నచోట అంటించింది.

"ఇప్పుడు మార్క్ ఉంది ఆంటీ. ఎప్పుడు కావాలంటే అప్పుడు బ్యాక్ పెట్టుకోండి."

జరిపాను. కాలికి బ్రేకు అందింది. ఏడుపు అప్పుడూ రాలేదు.

సోమవారం పొద్దున స్కూల్‌కి బయల్దేరాం. మా ఏడేళ్ల పాప కారెక్కబోతూ తెరిచి ఉన్న నా తలుపు దగ్గర ఆగి కిందికి చూసింది.

"అమ్మా, సీట్‌కి దెబ్బ తగిలిందా?"

"తగిలింది" అన్నాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. పాప భయపడి నా వీపు నిమిరింది. కాసేపటికి మొహం తుడుచుకుని, బెల్ట్ పెట్టుకోమని చెప్పి, కారు తీశాను.