నా కేసులు శోభకు పోయిన ఏడాది

రెండువేల ఇరవై ఒకటి వానాకాలంలో నేను హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా పనిచేస్తున్నాను. ఇన్‌ఛార్జ్ అంటే పెద్ద హోదా అనుకోవద్దు. స్టాఫ్ నర్సుల కంటే ఒక మెట్టు పైన, నర్సింగ్ సూపరింటెండెంట్ కంటే చాలా కింద. ఎవరికి ఏ డ్యూటీయో వేయడం, డాక్టరు రౌండ్‌కు వస్తే వెంట నడవడం, ఆపరేషన్ అయినవాళ్ళ కట్లు వేళకు మారుతున్నాయో లేదో చూడడం నా పని. రిటైర్మెంట్‌కు ఇంకా కొన్నేళ్ళు ఉంది.

కరోనా రెండో అల పోయింది గాని దవాఖాన అంటే జనానికి భయం పోలేదు. ప్రాణం మీదికొస్తే తప్ప ఎవరూ ఆపరేషన్‌కు ఒప్పుకోవడం లేదు. వార్డులో సగం మంచాలు ఖాళీ. యాజమాన్యం మా జీతాలను సగానికి కోసింది. పరిస్థితి బాగయ్యాక మిగతాది చూద్దామన్నారు. మా ఆయన ప్రైవేటు బడిలో డ్రాయింగ్ మాస్టరు. లెక్కల సారుకైతే ఆన్‌లైన్ క్లాసులున్నాయి, బొమ్మలు నేర్పేవాణ్ని ఎవరు పిలుస్తారు? ఆయన జీతం పూర్తిగానే ఆగింది. ఇంటి లోను మాత్రం ఆగలేదు.

డిశ్చార్జ్ అయ్యే పేషెంటు చీటీ మీద డాక్టరు 'రోజూ డ్రెస్సింగ్' అని రాస్తాడు. అంతకుముందు వాళ్ళు ఓపీకి వచ్చి కట్టించుకొని పోయేవాళ్ళు. ఇప్పుడు గేటు దాటడానికే జంకుతున్నారు. "సిస్టరమ్మా, ఎవరన్న ఇంటికొచ్చి కట్టు కడ్తరా?" అని అడగడం మొదలుపెట్టారు. అట్లా నేను మధ్యాహ్నం డ్యూటీ దిగాక సంచిలో గాజుగుడ్డ, సెలైన్ సీసా, గ్లోవ్స్ పెట్టుకొని ఇళ్ళకు పోవడం మొదలైంది. ఉద్యోగంలో చేరేటప్పుడు బయట పని చేయబోమని మా చేత సంతకం పెట్టించుకున్నారు. జీతం కోసినవాళ్ళు ఆ సంగతి ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

మొదటి రెండు నెలలు నాకు కేసులు బాగానే ఉన్నాయి. తర్వాత శోభ దిగింది.

శోభ మా వార్డులోనే స్టాఫ్ నర్సు. ఏటూరునాగారం దగ్గర పల్లె ఆమెది. చేరిన కొత్తలో పేషెంటు చేతికి సూది పెట్టాలంటే వణికేది. నరం ఎట్లా పట్టుకోవాలో, సూది ఏ వాటున పోవాలో ఆమె మణికట్టు పట్టుకొని నేర్పింది నేను. ఆమె భర్త ఆటో నడిపేవాడు, సవారీలు లేక ఆటో ఇంటి ముందే ఉంటోంది. పాత స్కూటీ ఒకటి కొనుక్కొని శోభ కూడా ఇళ్ళకు పోవడం మొదలుపెట్టింది.

నెల తిరిగేసరికి డ్యూటీ రూములో ఫోన్ మోగితే అది ఆమెదే. "వస్తున్న తాతా, అన్నం తిన్నవా? షుగర్ గోలీ ఏసుకున్నవా?" అని నవ్వుతూ మాట్లాడేది. నేను డ్యూటీ చార్టు రాస్తున్నట్టు తల వంచుకొని ఆ మాటలన్నీ వినేదాన్ని. నాకు వచ్చే ఫోన్లు తగ్గాయి. నేను షేరింగ్ ఆటో కోసం చౌరస్తాలో నిలబడితే ఆమె హెల్మెట్ పెట్టుకొని నా ముందు నుంచే పోయేది. ఆగి "రాన్రి అక్కా, దింపుత" అనేది. నాకు వేరే పనుందని చెప్పేదాన్ని. ఆమె మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు ఆటో ఎక్కేదాన్ని.

అన్నిటికంటే ఎక్కువ మండింది కాశిబుగ్గ కేసు దగ్గర. ఓదెలు అని షత్రంజీలు, అంటే నూలు జంపఖానాలు, నేసే పెద్దమనిషి. షుగర్ వల్ల కుడికాలి బొటనవేలు కుళ్ళిపోతే మా దగ్గరే తీసేశారు. పుండు మానకపోతే పాదం దాకా తీయాల్సి వస్తుందని సర్జన్ ముందే చెప్పాడు. గుంట మగ్గం మీద పనిచేసేవాడికి పాదం పోతే ఏం మిగులుతుంది? కింద తొక్కాల్సింది ఆ కాలితోనే. మొదట అది నా కేసు. వారం రోజులు పోయాను. ఎనిమిదో రోజు పొద్దున ఆయన భార్య మల్లమ్మ ఫోన్ చేసింది.

"ఇయ్యాల్టి సంది మీరు రాకున్రి నర్సమ్మా. శోభమ్మ వస్తనన్నది."

ఎందుకని అడిగితే, ఏం లేదమ్మా, మీకు దూరమైతున్నది గదా అంది. ఆ మధ్యాహ్నమే శోభను పక్కకు పిలిచి రేటు తగ్గించావా అని అడిగాను. "లేదక్కా. మీకిచ్చిందే నాకిస్తరు. వాళ్ళే పిలిచిన్రు. మీతోని చెప్పే పిలిచిన్రనుకున్న" అంది. నేను నమ్మలేదు. ఆదివారం ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా నా మనసు ఆమె స్కూటీ వెనకాలే కాశిబుగ్గ గల్లీల్లో తిరిగింది.

ఇట్లా ఉండగా ఒకరోజు సూపరింటెండెంట్ మేడం నన్ను గదికి పిలిపించింది. దవాఖానకు ఎవరో ఫోన్ చేశారట. మీ నర్సు శోభ బయట కట్లు కడుతోంది, ఓదెలు కాలు ఖరాబు చేసింది, రేపు పాదం తీయాల్సొస్తే బాధ్యత ఎవరిది అని అడిగారట. విషయం యాజమాన్యం దాకా పోయింది. పేషెంటును ఇక్కడికి రప్పిస్తే గొడవ బయటపడుతుంది కాబట్టి, ముందు ఒక సీనియర్ సిస్టర్ పోయి పుండు చూసి రిపోర్టు ఇవ్వాలని నిర్ణయించారు. రిపోర్టు చెడ్డగా వస్తే శోభ ఉద్యోగం పోతుంది. "నువ్వైతే నిక్కచ్చిగా చూస్తవు రత్నం" అంది మేడం. నేను కూడా బయటి కేసులు చూస్తున్నానని ఆమెకు తెలియదు.

నేను సరేనన్నాను. ఇటువంటి తనిఖీ సదరు నర్సు ఎదుటే జరగాలి. అది పద్ధతి. అందుకని శోభను కూడా అక్కడికి రమ్మని చెప్పాను.

కాశిబుగ్గ దాకా ఆటోలో కూర్చొని నేను ఆలోచించింది ఒక్కటే. ఆ పుండు చెడిపోయి ఉండాలని. కట్టు విప్పగానే వాసన రావాలని. రిపోర్టులో మొదటి వాక్యం ఎట్లా ఉండాలో కూడా మనసులో కూర్చుకున్నాను. ఓదెలు పాదం గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

శోభ నాకంటే ముందే వచ్చి గుమ్మం బయట నిలబడింది. ఎప్పుడూ నన్ను మీరు అనే పిల్ల ఆరోజు అనలేదు.

"అక్కా, నిజం చెప్పు. ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేను కాదు" అన్నాను.

"మరి ఇంకెవరికి తెలుసు ఈ కేసు? నీ కేసు నాకొచ్చిందని నువ్వు నాతోని మాట్లాడుడే బంద్ జేసినవ్."

ఆ ఫోన్ నేను చేయలేదు. కానీ కోపం తెచ్చుకొని ఎదురు మాట్లాడే హక్కు నాకుందని అనిపించలేదు. పద లోపలికి అని మాత్రం అన్నాను. "పా. నీ చేతులతోనే విప్పు, నీ కండ్లతోనే చూడు" అని ఆమె పక్కకు తప్పుకుంది.

ముందు గదంతా మగ్గమే. సగం నేసిన షత్రంజీ మీద దుమ్ము పడకుండా పాత చీర కప్పి ఉంది. ఓదెలు నవారు మంచం మీద కాలు చాపుకొని కూర్చున్నాడు. నేను గ్లోవ్స్ వేసుకొని కట్టు విప్పి, పుండును అంటుకున్న గుడ్డ కొస పట్టుకొని లాగబోయాను. వార్డులో మేం చేసేది అదే. ఒక్కసారి గుంజితే నొప్పి ఒక్కసారే, తర్వాతి మంచం దగ్గరికి పోవచ్చు. నా చేతి వేగాన్ని డాక్టర్లు మెచ్చుకునేవారు. ఓదెలు మంచం పట్టె గట్టిగా పట్టుకొని కళ్ళు మూసుకున్నాడు.

మల్లమ్మ ఆగలేకపోయింది. "జర తడుపున్రి నర్సమ్మా. శోభమ్మ తడిపి, అదే ఊడొచ్చేదాంక కూసుంటది."

ఎనిమిదో రోజు నన్ను ఎందుకు వద్దన్నారో అప్పుడు తెలిసింది. రేటు కాదు, దూరం కాదు. సెలైన్ పోసి తడపాలని నాకు తెలియక కాదు. నర్సింగ్ బడిలో మొదటి ఏడాదే చెప్తారు. వార్డులో టైము చాలక నేను వదిలేసిన పని అది. శోభ ఇంటి పనిని వార్డు పనిలా చేయలేదు, అంతే. ఆమెకు నేను చాలా నేర్పాను గాని ఇది నేను నేర్పింది కాదు. ఆ సంగతి తెలియగానే ఆమె మీద అసూయ తగ్గలేదు, ఇంకా పెరిగింది.

సీసా తీసి గుడ్డ మీద సెలైన్ పోసి కూర్చున్నాను. పక్కింట్లో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఓదెలే మొదట నోరు విప్పాడు. "ఆ పిల్ల మీద ఏం రాయకు బిడ్డా. ఫోన్ చేసింది మా గల్లీ ఆర్ఎంపీ డాక్టరు. ఏలు తీయకముందు ఆయనతోనే కట్టు కట్టిచ్చుకునేటోన్ని. ఇప్పుడు పిలుస్తలేనని కోపం." శోభ నా వైపు చూసి తల తిప్పుకుంది.

గుడ్డ దానంతట అదే వదిలింది. పుండు చూశాను. గింజ గింజగా ఎర్రటి కొత్త కండ పట్టింది. అటువంటి కండ పడితే పుండు మానుతోందని అర్థం. వాసన లేదు. అంచులు నొక్కి చూశాను, చీము రాలేదు. చుట్టూ వాపు లేదు, చర్మం వేడిగా లేదు. స్కేలు పెట్టి కొలిస్తే డిశ్చార్జ్ నాటి కంటే సగానికి తగ్గింది. అయినా వదలకుండా వెతికాను. ఒక మూలన గోరంత పసుపు పొర కనిపించింది. దాన్ని స్లఫ్ అంటాం, అంటే చచ్చిన కండ. మానే పుండులో కూడా అక్కడక్కడా ఉంటుంది, శుభ్రం చేస్తే పోతుంది. నర్సులకు అది తెలుసు. యాజమాన్యంలో కూర్చున్నవాళ్ళకు తెలియదు. 'పుండులో చచ్చిన కండ ఉన్నది' అని ఒక్క ముక్క రాస్తే చాలు. అబద్ధం కాదు. ఏ డాక్టరు వచ్చి చూసినా అది అక్కడే ఉంటుంది. శోభ ఉద్యోగం మాత్రం ఉండదు.

ఆ వాక్యం చాలాసేపు నా చేతిలో ఉంది. ఓదెలు కాలు నా ఒళ్ళోనే ఉంది. కొత్త కట్టు నేనే కట్టాను.

తిరిగొచ్చి వార్డులో కూర్చొని రిపోర్టు రాశాను. ముందు కొలతలు, తర్వాత కొత్త కండ సంగతి, తర్వాత పసుపు పొర ఎంత ఉందో, దానివల్ల ప్రమాదం లేదని, సంరక్షణ సరిగ్గా ఉందని. చివరన ఇంకో వాక్యం చేర్చాను. 'నేను కూడా డ్యూటీ తర్వాత బయట కేసులు చూస్తున్నాను. ఈ పేషెంటు మొదట నా కేసు, తర్వాత శోభకు మారాడు.'

మేడం చదివి కళ్ళద్దాలు తీసింది. "ఈ ఆఖరి ముక్క ఎందుకు రాసినవ్? నిన్నెవరడిగిన్రు?"

"అది లేకపోతే పైదంతా కేసు పోగొట్టుకున్న మనిషి రాసిందని మీకు తెలియదు మేడం" అన్నాను.

నన్నూ శోభనూ తీసేస్తారనుకున్నాను. అట్లా జరగలేదు. ఇళ్ళకు పోయే నర్సులకు ఇంత గిరాకీ ఉందని యాజమాన్యానికి ఆ గొడవతోనే తెలిసింది. నెల తిరక్కముందే దవాఖాన పేరు మీదే హోమ్ కేర్ విభాగం తెరిచారు. వచ్చిన దాంట్లో కొంత దవాఖానకు, కొంత పోయిన నర్సుకు. దాని ఇన్‌ఛార్జ్ ఎవరన్నది నోటీసు బోర్డు మీద చూశాను. శోభ.

నాకంటే సర్వీసులో ఎంతో చిన్నది. మేడం దగ్గరికి పోయి అడిగితే, "పేషెంట్లంతా ఆమెనే అడుగుతున్నరు రత్నం. నీ రిపోర్టులోనే ఉన్నది గదా ఆమె పని మంచిదని" అంది.

రిటైరయ్యేదాకా బయటి కేసులకు శోభ ఇచ్చిన చీటీతోనే పోయాను. నాకు బండి లేదని దగ్గరి ఇళ్ళే వేసేది. దూరంవి వేసి ఉంటే కనీసం తిట్టుకునే వీలైనా ఉండేది. ఫోన్ సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఓదెలు పుండు మానింది. పాదం దక్కింది. మళ్ళీ మగ్గం ఎక్కాక మల్లమ్మ ఒక షత్రంజీ తెచ్చి శోభకు ఇచ్చింది. హోమ్ కేర్ గదిలో గోడ వారగా బల్ల మీద పరిచి ఉండేది. ఎర్రటి అంచు, బాగుండేది. ఆ బల్ల మీద నేనెప్పుడూ కూర్చోలేదు. కట్టు తడిపి ఆగడం మాత్రం అలవాటు చేసుకున్నాను. అది ఎవరి దగ్గర చూశానో ఎవరికీ చెప్పలేదు.

నర్సు ఉద్యోగంలో తోటివాళ్ళ పని మీద రాయాల్సిన సందర్భాలు వస్తూనే ఉంటాయి. మనసు శుభ్రపడ్డాక రాద్దామని ఆగితే ఎప్పటికీ రాయలేం. నా మనసు ఆరోజు శుభ్రంగా లేదు, తర్వాత కూడా కాలేదు. రిపోర్టులో మాత్రం చూసిందంతా రాశాను, రాసింది ఎవరో కూడా రాశాను. ఇన్‌ఛార్జ్ సిస్టర్ చేయాల్సిన పని అంతవరకే.