బొంతలు కుట్టే అవ్వ

మొన్న మా కాలనీ కమిటీ తరఫున పక్కింటావిడ ఒక కాగితం తెచ్చింది. గేటు దగ్గర కెమెరాలు పెడుతున్నారట, ఇకమీదట పనిమనిషైనా, పాలు పోసే ఆమైనా, చుట్టమైనా పేరూ ఫోటో ఇచ్చాకే లోపలికి రావాలట. జహీరాబాద్‌లో దొంగతనాల మాట రోజూ వింటున్నాం, పైగా ఒంటరిదాన్ని, మారు మాట లేకుండా సంతకం పెట్టేశాను. ఆమె వెళ్లాక మాత్రం ఎందుకో అన్నం సహించలేదు.

ఇరవై రెండేళ్ల వయసులో నాకు ఝరాసంగం దగ్గర ఒక చిన్న ఊళ్లో టీచరుగా మొదటి ఉద్యోగం వచ్చింది. జొన్న కోతలయ్యాక కన్నడ దేశం వైపు నుంచి ఒక అవ్వ వచ్చి, ఇంటింటా పాత చీరలు తీసుకుని బొంతలు కుట్టేది, రాత్రికి నేను అద్దెకున్న ఇంటి వసారాలో పడుకునేది. అమ్మను విడిచి ఎన్నడూ ఉండని నాకు జ్వరమొస్తే జొన్న గటక జావలా పల్చగా కాచి, పక్కన కూర్చుని తాగించిన మనిషి ఆమె.

మూడో ఏడు, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని పుకారు పుట్టింది. తల్లులు పిల్లలను బడికి పంపడం మానేశారు. బయటివాళ్లు ఎవరొచ్చినా పేరు, ఊరు రాయాలని సర్పంచి తీర్మానించి, చేతిరాత బాగుందని ఆ పుస్తకం నాకే అప్పగిస్తే, నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. అవ్వ వచ్చింది. పెనిమిటి పోయినప్పటి నుంచి ఎక్కడ కుడితే అదే తన ఊరంది. నేను 'ఊరు లేదు' అని రాశాను.

సర్పంచి ఆ పుస్తకం ఠాణాలో చూపించాడు. మర్నాడు పొద్దున్నే అక్కణ్నుంచి జీపు వచ్చింది. ఊరంతా చూస్తుండగా అవ్వ నా వైపు చెయ్యి చూపి, "టీచరమ్మకు నేను ఎర్కనే, అడుగున్రి" అంది. వాళ్లు అడిగారు. కొత్త ఉద్యోగం, చుట్టూ భయపడ్డ తల్లులు. ముఖం చూసి గుర్తుపట్టగలను గానీ అంతకు మించి తెలియదన్నాను.

అవ్వను జీపెక్కించి తీసుకెళ్లి, ఠాణాలో రెండు రోజులు కూర్చోబెట్టి, ఏమీ లేదని వదిలేశారు. అవ్వ నడిచి వచ్చి, వసారాలో సగం కుట్టి వదిలిన నా బొంత ముందేసుకుని సూది తీసింది. నేను గడప మీద కూర్చుని ఏడ్చాను.

"ఏడుస్తవెందుకు బిడ్డా? పరాయి ఊర్ల ఒక్కదానివి, నీకు భయమైంది. నాకు కాలేదా?" అంది, తలెత్తకుండానే.

సాయంత్రానికి బొంత పూర్తిచేసి వెళ్లిపోయింది. మళ్లీ ఏడు రాలేదు. రాయికోడ్ దిక్కు ఊళ్లలో కుడుతోందని ఎవరో అంటే, వెళ్లి కలవాలనుకుంటూనే బదిలీ అయిపోయాను.

మన చిన్నతనంలో తెలియని మనిషి గుమ్మంలోకొస్తే చెంబుతో నీళ్లిచ్చి, ఏ ఊరని అడిగేవాళ్లం. చుట్టరికం ఎక్కడైనా కలుస్తుందేమోనన్న ఆశతో అడిగేవాళ్లం. ఇప్పుడూ అదే ప్రశ్న అడుగుతున్నాం. నీళ్లివ్వడం ఎప్పుడు మానేశామో మాత్రం నాకు గుర్తు రావడం లేదు.