గడియారం మీద బొట్లు

బి-కాంప్లెక్స్ మాత్రల షీటు చించగానే వచ్చే ఘాటు వాసనకు చాలామంది ముక్కు మూసుకుంటారు గానీ, నాకు మాత్రం అది అమ్మ చీర వాసన. తెలంగాణ రాకముందు మాట. అమ్మ మల్లాపూర్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో మాత్రలు ప్యాకింగ్ చేసేది. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. నాచారంలో ఒక రేకుల గదిలో ఉండేది మేమిద్దరమే.

ఎండాకాలం ఆ రేకులు సెగలు కక్కేవి, వానాకాలం ఒకరి మాట ఒకరికి వినిపించనిచ్చేవి కావు. అమ్మ చీకటితోనే వెళ్లిపోయేది. నేను లేచి, మూతపెట్టిన అన్నంలో పచ్చిపులుసు కలుపుకుని తిని, జడ వేసుకోవడం రాక జుట్టుకు రబ్బరు బ్యాండు చుట్టుకుని, సందు చివర పెద్ద ఫ్యాక్టరీ సైరన్ కోసం గడప మీద కూర్చునేదాన్ని. అది కూస్తే తాళం వేసి, మధ్యాహ్నం దాకా నడిచే షిఫ్టు బడికి వెళ్లాలి. నాలుగో తరగతికి వచ్చినా నాకు గడియారం చూడటం రాదు మరి. పన్నెండు వేయమంటే ఇరవై ఒకటి వేసి, తప్పేమిటో తెలియక టీచర్ మొహం చూసేదాన్ని.

ఒకరోజు సైరన్ కూయలేదు. కరెంటు కొరత వల్ల ఆ రోజు ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే. అమ్మవాళ్లకు జనరేటర్ ఉంది కాబట్టి ఆమె పనికి వెళ్లింది, సైరన్ ఉన్న ఫ్యాక్టరీ మాత్రం మూతపడింది. నేను బ్యాగు తగిలించుకుని మధ్యాహ్నం అమ్మ వచ్చేదాకా గడప మీదే ఉన్నాను. సంగతి కీసర దగ్గర ఊళ్లో ఉండే అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, చెవిన పడింది.

"టైమ్ సూడరాని పిల్లను ఒక్కదాన్ని ఎట్ల ఇడుస్తవే? బతుకమ్మ పండుగకొస్త. అప్పటికి నేర్వకుంటే నా ఎంట తోల్కపోత," అంది. అవ్వ మాటంటే మాటే. అమ్మను విడిచి ఉండాలన్న భయం పట్టుకుంది నాకు.

బడిలో వెనకబడినవాళ్లకు సాయంత్రాలు ఒక టీచరమ్మ విడిగా చెప్పేవారు. ఆమెది కోస్తా వైపు. మాచేత గ్లాసుతో బియ్యం, నీళ్లు కొలిపించేవారు, రోడ్డు పక్కన నిలబెట్టి బస్సు నంబర్లు చదివించేవారు.

"ఎక్కాలు తర్వాత చూద్దాం. పొద్దున్న లేచాక ఏమేం చేస్తావో చెప్పమ్మా," అన్నారు నాతో. చెప్పాను. మర్నాడు ఇంట్లో గడియారాన్ని, అమ్మ బొట్టుబిళ్లల అట్టను తెమ్మన్నారు. గడియారం అద్దం మీద అన్నం తినే వేళకు పసుపు బొట్టు, తాళం వేసే వేళకు ఎర్రది, అమ్మ వచ్చే మూడింటికి ఆకుపచ్చది అంటించారు. ముందు చిన్నముల్లు ఒక్కటే చూడమని, పెద్దది ఉందన్న మాటే మరిచిపొమ్మని అన్నారు. అది కుదిరాక పెద్దముల్లు నేర్పారు. తర్వాత బొట్లు ఊడదీశారు గానీ, ఆకుపచ్చదాన్ని నేను తీయనివ్వలేదు.

సద్దుల బతుకమ్మనాడు అవ్వ సంచినిండా తంగేడు, గునుగు పూలు తెచ్చింది. బతుకమ్మకు నైవేద్యం పెట్టే నువ్వుల సద్ది కోసం వేయించిన నువ్వుల వాసనతో గదంతా కమ్మగా ఉంది. అవ్వ పూలు పేరుస్తూ తలెత్తకుండానే అడిగింది.

"టైమెంతయింది బిడ్డా?"

"పదకొండుంబావు అవ్వా."

అవ్వకూ గడియారం రాదు. మెల్లగా లేచి పక్కింటికి వెళ్లి కనుక్కుని వచ్చి, ఏమీ తెలియనట్టు మళ్లీ పూల ముందు కూర్చుంది. మర్నాడు ఒక్కతే ఊరికి బస్సెక్కింది.

అమ్మ మురిసిపోయింది. "ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా. ఓవర్‌టైమ్ ఉంటే గూడ జేసొస్త," అంది. అన్నట్టే చేసింది. చిన్నముల్లు ఆకుపచ్చ బొట్టు దాటి కిందికి దిగిపోయేది, సందులో ఎవరి చెప్పుల చప్పుడైనా నేను లేచి నిలబడేదాన్ని. గడియారం రానప్పుడు అమ్మ ఎప్పుడు వస్తే అదే అమ్మ వచ్చే వేళ. గడియారం వచ్చాకే అమ్మకు ఆలస్యమవడం మొదలైంది. అంత ఒంటరితనం నాకు అంతకుముందు తెలియదు.

ఇప్పుడు ఆ రేకుల గదుల చోట అపార్ట్‌మెంట్లు లేచాయి, సైరన్ ఉన్న చోట ఫంక్షన్ హాల్ వచ్చింది, ఉప్పల్‌లో నెత్తి మీద మెట్రో తిరుగుతోంది. అమ్మ పోయింది. మూడయ్యేసరికి ఎక్కడున్నా ఒకసారి తలుపు వైపు చూస్తాను. అప్పట్లో ఎంత ఆలస్యమైనా వచ్చేది.