రెండు వెంట్రుకల తేడా

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో లూయిస్‌టౌన్ దగ్గర ఉండే ఆర్డిస్ టాలఫ్సన్ ముప్పై ఒక్క ఏళ్లు లేతు మిషను మీద పనిచేసి రిటైరైంది. అక్కడి వేటగాళ్లు ఖాళీ తొడుగుల్లో మందూ గుండూ పెట్టి తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. ఆమె భర్త లైల్ పేరుమోసిన వేటగాడు. ఆయన పోయి మూడేళ్లయినా, సందేహం వచ్చిన ప్రతివాడూ ఆమె గుమ్మంలో నిలబడి "లైల్ తూటాల కొలతలు రాసుకున్న పుస్తకం ఉందా?" అని అడిగేవాడు.

అక్టోబరులో డ్వేన్ కోవాచిచ్ కూడా అలాగే వచ్చాడు. చేతిలో తాత యుద్ధం నుంచి తెచ్చుకున్న జర్మన్ తుపాకీ.

"గురి కుదరడం లేదండీ. మందు ఇంకాస్త పెంచుదామనుకుంటున్నా. లైల్ పుస్తకంలో ఎంతుందో చూద్దామని."

ఆర్డిస్ అతను కాల్చిన ఖాళీ తొడుగొకటి తీసుకుని అడుగు చూసింది.

"తుపాకీ వెనక బోల్టు తెరవడానికి దేంతో కొట్టావు?"

"చెక్కసుత్తితో. మీకెవరు చెప్పారు?"

"ఇదే చెప్పింది. అడుగున మందు అంటించే ఈ చిన్న టోపీ చూడు, ఒత్తిడికి నలిగి చదునైపోయింది. గుండు ఎంత లావుది వేశావు?"

"ఎనిమిది మిల్లీమీటర్లు. తుపాకీ కూడా ఎనిమిదేగా!"

"ఎనిమిదుల్లోనూ లావూ సన్నమూ ఉన్నాయి నాయనా."

మెత్తటి సీసం ముక్కను తుపాకీ గొట్టంలోంచి కడ్డీతో నెట్టి, బయటపడ్డాక మైక్రోమీటరుతో కొలిచింది. అంగుళంలో వెయ్యో వంతులు మూడువందల పద్దెనిమిది. డ్వేన్ గుండు మూడువందల ఇరవై మూడు.

"అయిదేనా! రెండు వెంట్రుకల మందం లేదు," అని నవ్వాడు డ్వేన్.

"లావు గుండు గొట్టంలో ఇరుక్కుంటూ కదులుతుంది. వెనకాల మందు మండి లేచిన గ్యాసు ఆగుతుందా? దారి చాలక తూటా కూర్చునే గదిలోనే ఒత్తిడి పెరిగిపోతుంది. ఆ ఉక్కు గట్టిది కాబట్టి నీ మొహం మిగిలింది. పైగా మందు పెంచుతానంటావు!"

"లైల్ అయితే ఇంత భయపడేవాడు కాదు."

ఆమె ఆ పుస్తకం తెచ్చి అతని ముందు తెరిచింది. కొత్త పేజీలో ఇప్పటి కొలతలు రెండూ రాసింది. డ్వేన్ ఆ అంకెలు చూశాడు. వెనక్కి తిప్పాడు. ఇరవై ఏళ్ల పేజీలన్నింటిలోనూ అదే రాత, అంకెలదీ అదే తీరు.

"తూటాలన్నీ మీరే..."

"ఒక్కటి కూడా ఆయన నింపలేదు. ఆయనకు గురి ఉండేది, ఓపిక ఉండేది కాదు."

డ్వేన్ గౌరవంగా తలమీది టోపీ తీసేశాడు. మిగిలిన పదకొండు తూటాలూ ఆమెకే అప్పగించాడు. సన్నగుండ్లు తెప్పించి, తూటాలు నింపే పద్ధతి చెప్పే అచ్చుపుస్తకంలోని అన్నిటికంటే తక్కువ మందు కొలతతో మొదలుపెట్టారు. నవంబరులో అతనికి జింక దొరికింది.

గన్ క్లబ్బులో తన తెలివితక్కువతనాన్ని తనే చెప్పుకుని అందర్నీ నవ్వించాడు. ఏటా ఆర్డిస్‌ను 'పై' అనే తీపి వంటకం చేసి తెమ్మనే క్లబ్బు ఆ చలికాలం తూటాలు నింపడం మీద పాఠం చెప్పమని పిలిచింది. మొదటిరోజు పందొమ్మిది మంది వచ్చారు. ఆమె బల్ల మీద మైక్రోమీటరు పెట్టి, "ముందు కొలవండి. తర్వాతే వాదించండి," అంది.