తప్పు ఎవరిదైనా చెయ్యి ఆయనదే

తప్పు చేసి ఒప్పుకోనివాళ్ళను వీధికి పదిమందిని చూస్తాం. చెయ్యని తప్పును ఎగబడి నెత్తిన వేసుకునేవాడు మాత్రం ఒక్క ఫ్రేములాయనే. ఫొటోలకు ఫ్రేములు కట్టడం ఆయన వృత్తి. ప్రార్థన మందిరం క్వయర్‌లో బొంగురు గొంతుల వరసలో చివర నిలబడి పాడడం ఆయన వ్యసనం. పాటలో ఎక్కడ అపస్వరం పలికినా, చేత్తో తాళం వేస్తూ పాట నేర్పే మాస్టారు "ఎవరది?" అని ఇటు తిరిగేలోపే ఆయన చెయ్యి లేచేది.

"నేనేనండీ."

ఆడవాళ్ళ వరసలో పైస్థాయి కీచుమన్నా ఆయనే. "అది ఆడగొంతండీ" అని మాస్టారు పళ్ళు కొరికితే, "నాకూ అప్పుడప్పుడు అలా వస్తుందండీ" అనేవాడు. ఓసారి పాట మధ్యలో తలుపు కిర్రుమంటే దానికీ చెయ్యెత్తాడు. కరెంటు పోయినప్పుడు చీకట్లో చెయ్యెత్తాడో లేదో తెలియదు గాని, "నేనేనండీ" అని మాత్రం వినిపించింది.

మాస్టారికి ఒళ్ళు మండిపోయేది. పాట నేర్పడంలో ఆయన దిట్ట, తిట్టడంలో అంతకు రెండింతలు దిట్ట. టీ వేళ అందరూ గుంపుగా చేరి నవ్వుకుంటుంటే, ఆయనొక్కరే కిటికీ దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడేవారు. తిట్టే మనిషి పక్కకు ఎవరొస్తారు? అది ఆయన్ని లోపల గుచ్చేది. గుచ్చినకొద్దీ ఇంకాస్త తిట్టేవారు.

ఈ వారం మరీనూ. ఒక పాటలో రోజూ ఒకే చోట గొంతులు తడబడేవి, రోజూ ఫ్రేములాయన చెయ్యే లేచేది. వారం చివర అందరూ బస్సెక్కి ఊరూరా స్తుతిగీతాలు పాడబోతున్నారు. బస్సులో కీబోర్డుకు చోటు చాలలేదు, ఒక మనిషిని తగ్గించాల్సి వచ్చింది.

"ఇంకెవరు, తప్పుల పుట్ట ఉన్నాడుగా" అన్నారు మాస్టారు ఫ్రేములాయనను చూసి. "మీరు రానక్కర్లేదు."

ఫ్రేములాయన చెయ్యి అలవాటుగా సగం లేచి దిగిపోయింది. "అలాగేనండీ" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు రిహార్సల్లో అదే చోట అదే తప్పు. "ఎవరది?" అన్నారు మాస్టారు. ఏ చెయ్యీ లేవలేదు. ఆడవాళ్ళు మగవాళ్ళ వైపు చూశారు, మగవాళ్ళు ఆడవాళ్ళ వైపు చూశారు. మళ్ళీ పాడారు. ఈసారి భయంతో గొంతులు పీలగా వచ్చాయి, తప్పు మాత్రం నిండుగా వచ్చింది. చివరికి కీబోర్డు వాయించే అమ్మాయి నోరు విప్పింది.

"మాస్టారూ, ఆ చోట తాళం వేసే మీ చెయ్యే ముందు దిగిపోతోందండీ."

"నాదా? ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ."

"మరి చెప్పరేం?"

"ఆ అవసరం ఎక్కడొచ్చిందండీ? బాబాయి చెయ్యెత్తేవారు, మీరు ఆయన్ని దులిపేసి చల్లబడేవారు. రెండోసారి మీ చెయ్యి సరిగ్గా దిగేది."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. రిహార్సలు ఆపేసి నేరుగా ఫ్రేముల దుకాణానికి నడిచారు.

గోడల నిండా ఎవరెవరివో కుటుంబాలు. పెళ్ళిజంటలు, పసిపిల్లలు, పళ్ళన్నీ కనిపించే నవ్వులు. వాటి మధ్య ఫ్రేములాయన ఒక్కడే కూర్చుని మేకులు కొడుతున్నాడు.

"ఎందుకు చేశారిలా?" అన్నారు మాస్టారు.

"కుర్రగొంతులండీ. తిట్టు తగిలితే పూడుకుపోతాయి. నాకు తగిలితే నష్టమేముంది?"

"నేనన్న మాటలకు గాడిదకైనా రోషం వచ్చేదండీ."

ఫ్రేములాయన సుత్తి పక్కన పెట్టాడు. "ఇంటావిడ ఉన్నప్పుడు పొద్దున లేస్తే అక్షింతలేనండీ. చెప్పులు అక్కడ విడిచారేం, తువ్వాలు ఇక్కడ పడేశారేం అని. ఆవిడ పోయాక ఏం చేసినా అడిగే దిక్కు లేదు. మీరు తిడుతుంటే, నేనూ ఒక మనిషిని ఉన్నానని అనిపించేది."

ఇప్పుడు మాస్టారు క్షమించమని అడగాలి. ఆ మాట ఆయన నోటికి అలవాటు లేదు. గోడమీది పెళ్ళిజంట వైపు తిరిగి అడిగారు.

"బట్టలు సర్దుకున్నారా?"

"నన్ను రావద్దన్నారు కదండీ."

"రావద్దంటే మానేస్తారా? బుద్ధుండక్కర్లా? కీబోర్డు నా ఒళ్ళో పెట్టుకుంటాను. మీరు నా పక్కన కూర్చోండి. తీయండి సంచీ."

ఫ్రేములాయన సంచీ తెచ్చి, చొక్కా ఒకటి మడతపెట్టాడు.

"మడతా అది? చొక్కా అనుకున్నారా, గోనెపట్టా అనుకున్నారా? ఇంత వయసొచ్చింది, గుడ్డ మడవడం రాదూ?" మాస్టారు అందుకున్నారు.

ఫ్రేములాయన మొహం విప్పారింది. మడిచిన చొక్కా విప్పేసి, ఇంకాస్త వంకరగా మడవడం మొదలుపెట్టాడు.