ఇన్‌స్పెక్టరు గారు రాసిన చీటీ

అరవైల చివర్లో కొత్తవలస దగ్గర ఒక పల్లెలో నేను పంతులమ్మని. బడి మొత్తానికి నేనొక్కర్తినే. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పక్కనున్న రెండు ఊళ్లలోనూ అలాంటి బళ్లే. అందులో ఒక బడి మేష్టారు రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి. ఒకరోజు ఆయన వచ్చి, "అమ్మా, ఎవరి పిల్లల్ని వాళ్లమే పరీక్ష చేసుకుంటే అందరూ బాగా చదువుతున్నట్టే ఉంటాది. శనివారం ఒంటిపూట బడే గదా, మధ్యాహ్నం ముగ్గురం వంతులేసుకుని ఒక్కో బడికి వెళ్దాం. ఏ బడి పిల్లల్నైనా మిగతా ఇద్దరూ చదివించి చూడాలి" అన్నారు.

మొదటి వంతు మా బడిదే. మేష్టారు వాచకం మధ్యలో ఒక పేజీ తెరిచి చదవమన్నారు. రోజూ గడగడా అప్పజెప్పే నా ఒకటో తరగతి పిల్లలు ఒక్కరూ నోరు మెదపలేదు. పుస్తకమంతా కంఠతా పట్టేశారు తప్ప, విడిగా అక్షరం చూపిస్తే గుర్తుపట్టలేరు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన అంతటితో ఆగలేదు. వెనక గోడవార కూర్చున్న పిల్లని చూపించి, "ఈ పిల్లేటి చదువుతాది?" అన్నారు.

దానికి ఎనిమిదేళ్లు. పుట్టుచెవుడు, మాట రాలేదు. తల్లి కూలికెళ్తూ ఒంటరిగా వదల్లేక బడిలో దింపి పోయేది. పేరు ఒకటో తరగతిలో రాసుకుని, ఒక పలక ఇచ్చి కూర్చోబెట్టాను. నిజం చెప్పాలంటే నా లెక్కలో ఆ పిల్ల లేదు.

మేష్టారు చిన్న కాగితం మీద 'కుండ' అని రాసి, దాని చేత మంచినీళ్ల కుండ ముట్టించి, కాగితం దానిమీద పెట్టించారు. తర్వాత 'పలక', 'తలుపు'. మూడు చీటీలూ కలిపేసి ఇచ్చారు. కాసేపటికి పిల్ల దేని చీటీ దానిమీద పెట్టేసింది.

"నోటిమాట లేదు గాబట్టి దీనికి రాతే కావాలమ్మా" అన్నారాయన.

మూడో బడి మేష్టారి దస్తూరీ ముత్యాల్లా ఉండేది. సిగరెట్టు పెట్టెల అట్టలు కత్తిరించి ఆయన శనివారం శనివారం కొత్త చీటీలు రాసి తెచ్చేవారు. చోడి, అదే రాగి పంట, కోతల నాటికి ఆ పిల్లకి ముప్ఫై మాటల దాకా చూసి గుర్తుపట్టడం వచ్చింది. మిగతా పిల్లలు కూడబలుక్కునైనా సొంతంగా చదవడం మొదలెట్టారు.

అప్పుడే ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. చాలా గట్టి మనిషనీ, నోరు తెరిచి చదవలేని పిల్లల పేర్లు రిజిస్టర్లోంచి కొట్టేయిస్తారనీ చెప్పుకునేవారు. ముందురోజు ఆ పిల్ల తల్లితో, "రేపు పిల్లని పంపకు" అన్నాను. ఆమె నా మొహం చూసి వెళ్లిపోయింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గారు పిలిపించడంతో మేష్టార్లిద్దరూ కూడా మా బడికే వచ్చారు. ఇన్‌స్పెక్టరు గారు ఏదో ఒక పేజీ తీసి చదివించారు. పిల్లలు తడబడుతూనే చదివారు. నేను ఊపిరి పీల్చుకునేలోపు ఆయన హాజరు పట్టీ తీశారు.

"ఒకటో తరగతిలో ఒకరు తక్కువున్నారే?"

"ఒంట్లో బాలేదండి" అనేశాను.

పెద్ద మేష్టారు తలొంచుకున్నారు. నన్ను బయటపెట్టలేదు. ఒక్క మాటైనా అనుంటే బాగుండేది. ఇన్‌స్పెక్టరు గారు మూడో తరగతికి లెక్కలిస్తుండగా నేను దొడ్డిదారిన బయటపడి చేలకేసి పరిగెత్తాను.

తల్లి చోడి వెన్నులు కోస్తోంది. పక్కనే పిల్ల. రొప్పుతూ సంగతి చెప్పాను. ఆమె కొడవలి ఆపలేదు.

"నిన్న ఒద్దన్నారు, ఈయాల రమ్మంతన్నారు. మా పిల్లంటే మీకేటి, ఆటబొమ్మేటి?"

"తప్పు నాదే. సమయం లేదు, పంపించు" అన్నాను. పిల్ల మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. తల్లి చివరికి నడుం ఎత్తింది.

"నానూ వస్తాను. ఎవులైనా నవ్వినారంటే ఊరుకోను సూడండి."

కొడవలి చేత్తోనే వచ్చి బడి గుమ్మంలో నిలబడింది.

"ఒంట్లో బాలేదన్నారు?" ఇన్‌స్పెక్టరు గారు నన్నడిగారు.

"అబద్ధం చెప్పానండి. ఈ పిల్లకి వినపడదు. మీ ముందు నా పరువు పోతుందని రావద్దన్నాను."

మా చీటీలు చూపించబోతే ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. తన కాగితం మీద తనే రాసి పిల్లకిచ్చారు. 'తలుపు ముయ్యి.'

తలుపు దానికి తెలుసు. 'ముయ్యి' మేమెవ్వరం నేర్పలేదు. పిల్ల నేరుగా వెళ్లి తలుపు మీద చెయ్యి వేసింది. అక్కడే నిలబడి కాగితం మళ్లీ చూసుకుంది. వెనక్కి వచ్చి ఇన్‌స్పెక్టరు గారి ఎదురుగా నిలబడి, రెండో మాట కింద వేలు పెట్టి తల అడ్డంగా ఊపింది.

"ఈ మాట తెలీదంటోంది" అన్నారాయన నెమ్మదిగా.

కాసేపు ఆ వేలికేసే చూసి లేచారు. తల్లిని లోపలికి రమ్మని సైగ చేసి, తనే తలుపు మూసి, మాట చూపించారు. మళ్లీ బార్లా తెరిచి కాగితం దానికిచ్చారు. పిల్ల వెళ్లి తలుపు మూసింది. చీకటిపడ్డ గదిలో ఎవరూ నవ్వలేదు.

పిల్ల పేరు కొట్టెయ్యలేదు. నా అబద్ధం సంగతి మాత్రం తనిఖీ పుస్తకంలో రెండు లైన్లు రాసి వెళ్లారు. పర్మనెంటు ఇంకో ఏడాది వెనక్కి పోయింది. నాకు కష్టమనిపించింది గానీ అన్యాయం అనిపించలేదు.

తల్లి నాతో నెలరోజులు మాట్లాడలేదు. పిల్లని గుమ్మం దాకా తెచ్చి తిరిగి వెళ్లిపోయేది. ఒక మధ్యాహ్నం తనే లోపలికొచ్చి గోడవార కూతురి పక్కన చతికిలబడింది.

"ఇంటికాడ పలక మీద ఏటేటో రాసి సూపిస్తంది పంతులమ్మా. నాకు తెలవకపోతే ఏడుస్తంది. అదేటంతందో నాకూ సెప్పండి" అంది.

చీటీల్లోంచి 'అమ్మ' అన్నది తీసి ఆమె చేతిలో పెట్టబోయాను. పిల్ల నా చేతిలోంచి లాక్కుని, తనే పెట్టింది.